పెద్దయ్య తొలి గుక్క

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట దిగితే, ఊరికీ తూర్పున ఉన్న రాతి గుట్టకూ నడుమ ఒకప్పుడు నలభై రెండు తాటిచెట్లు వరసగా ఉండేవి. నిజాం సర్కారు ఏలుబడిలో, ఇరవై ఎనిమిదేళ్ళ పాటు, ఆ నలభై రెండు చెట్లనూ ఒంటిచేత్తో గీసిన మొనగాడు పెద్దయ్య. గీత పని చేసినవాళ్ళు ఆ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. రావిర్యాలలో ఉన్నారు, కందుకూరులో ఉన్నారు. అయినా పెద్దయ్య పేరు వినబడితే వాళ్ళంతా ఒకసారి తలపాగా సర్దుకుని కూర్చునేవాళ్ళు.

ఎందుకో చెప్పాలి. నడుముకు ముత్తాదు బిగించి, చెట్టు చుట్టూ మోకు వేసి, కింద నిలబడ్డవాడు చుట్ట ముట్టించుకునే లోపల పెద్దయ్య మట్టల్లో ఉండేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కాలు జారింది లేదు. కల్లు పట్టే మట్టికుండను లొట్టి అంటారు. ఆ లొట్టి ఒక్కటైనా ఆయన చేతిలో పగిలింది లేదు. ఒక ఏడు గాలివాన హఠాత్తుగా వస్తే చెట్టు మీదే ఉండిపోయి, చెట్టుతో పాటు ఊగి, వాన వెలిశాక తడి మీసాలతో నవ్వుకుంటూ దిగాడు. ఊరి చివర క్రైస్తవుల ప్రార్థన గుడిసెకు తాటాకు కప్పు వేసింది ఆయనే. ఆ కప్పు కింద ఏడు వానకాలాలు ఒక్క చుక్క కారలేదు.

వీటన్నింటినీ మించింది ఆయన ముక్కు. ఒకసారి ఆబ్కారీ జవాను ఒకడు నమ్మక, పెద్దయ్య కళ్ళకు రుమాలు కట్టించి ముందర ఐదు లొట్లు పెట్టించాడు. పెద్దయ్య వంగి ఒక్కొక్కటీ వాసన చూశాడు.

"ఇది కట్ట మొదటి చెట్టుది, ఇయ్యాల తెల్లారి దించింది. ఇది నాలుగో చెట్టుది, నిన్న మాపటిది. ఇది ఈతకల్లు, మనది కాదు. ఇది మంచిదే. ఇగ ఈ ఐదోదాంట్ల నీళ్ళు కలిసినయి. బాయి నీళ్ళు కాదు జవాన్ సాబ్, చెరువు నీళ్ళు."

ఐదో లొట్టిలో నీళ్ళు కలిపింది జవానే. రుమాలు విప్పి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇంత ముక్కున్న మనిషి, కల్లు రుచి ఎట్లా ఉంటుందో ఎరగడు. ఇది నమ్మనివాళ్ళు అప్పుడూ ఉన్నారు. ఆయనకు పదిహేనేళ్ళప్పుడు తండ్రి తాగి చెట్టెక్కి, పై నుంచి పడి చనిపోయాడు. మూడో రోజున తల్లి కొడుకు చేతిని తన నెత్తి మీద పెట్టుకుంది. "కులపు పని ఇడవమంటలేను బిడ్డా. గీసుకో, బతుకు. గని కల్లు ఒక్క చుక్క నోట్ల పోసుకోనని ఒట్టెయ్యి" అంది. ఆయన ఒట్టేశాడు. అంతే. పులిసిందీ ముట్టలేదు, తియ్యటిదీ ముట్టలేదు. తాటిముంజలు మాత్రం తినేవాడు. వాటి మీద ఒట్టు లేదని నవ్వేవాడు.

తాగని మనిషికి చెట్టు మీద ఏం మత్తు అని ఎవరైనా అడిగితే, పెద్దయ్య కత్తి నూరుకోవడంలో పడేవాడు. కానీ మత్తు ఉండేది. వేకువన పైకి చేరేసరికి చెరువు మీద మంచు ఇంకా లేవకపోయేది. ఆ మంచులో ఊరు మునిగి ఉండేది. మసీదు నుంచి అజాన్ వినబడితే, అది కింద నుంచి వస్తున్నదో, పక్క చెట్టు మట్టల్లో నుంచి వస్తున్నదో తెలిసేది కాదు. గెలను పలచగా గీస్తే కత్తి అంచున ఒక చుక్క పుట్టి, కాసేపు ఆగి, తనకే తోచినప్పుడు రాలేది. ఆ చుక్కలో ఆకాశం తలకిందులుగా ఉండేది. చెట్లన్నీ నిద్రలో ఉన్నట్టు, తాను వాటి కలలోకి దొంగతనంగా ఎక్కినట్టు అనిపించేది. దిగాక చాలాసేపటి దాకా కాళ్ళకు నేల ఆనేది కాదు.

ఇంటికి ఏసు దేవుణ్ణి తెచ్చింది ఆయన అత్త మరియ. ఆమె ఒకప్పుడు చావు జబ్బుతో మిషను దవాఖానకు పోయి, లేచి నడిచి వచ్చి బాప్తిస్మం తీసుకుంది. తర్వాత ఆమె కూతురు, పెద్దయ్య భార్య లీదియా తీసుకుంది. కొన్నాళ్ళకు లీదియా వెనకాల పెద్దయ్య కూడా చెరువులో మునిగి లేచాడు. పదిహేను ఇండ్ల చిన్న సంఘం అది. సామ్యేలు అయ్యగారు పట్నం నుంచి ఏడాదికి నాలుగుసార్లు వచ్చి బల్ల ఇచ్చేవారు. అంటే, ప్రభువు పేర రొట్టె విరిచి, ద్రాక్షరసపు గిన్నె అందించేవారు. తాగేవాళ్ళకు, అమ్మేవాళ్ళకు, గీసేవాళ్ళకు ఆ బల్ల లేదని ఆయన కట్టడి.

"అయ్యగారు, నేను తాగుతలేను కద" అని పెద్దయ్య మొదటి ఏడే అడిగాడు.

"నువ్వు తాగవు పెద్దయ్యా. ఊరికి తాపుతవు."

ప్రార్థన గుడిసె పక్కింటి జంగా ఆ మాటలు కిటికీలోంచి విన్నాడు. జంగా సంఘం మనిషి కాదు. పొద్దు గూకితే ఆయన ఏ సంఘంలో ఉండేవాడో ఊరందరికీ తెలుసు. "అయ్యగారు, మీ ఏసుసామే పెండ్లింట్ల నీళ్ళను ద్రాక్షరసం చేసిండట గద! మరి గాయన్ను గూడ గడప కాడ్నే కూసోవెట్టిండ్రా?" అన్నాడు.

అందరూ నవ్వారు. అయ్యగారు నవ్వలేదు. "జంగా, మా అన్న సారా తాగి మా ఇంటి బాయిల పడ్డడు. నేనే తాడేసి తీసిన. గా పెండ్లి కత నాకు గూడ తెలుసు. గని బాయి దగ్గర నిలబడ్డోనికి గా కత యాదికి రాదు" అన్నారు.

ఆ మాటకు పెద్దయ్య ఎదురు చెప్పలేదు. తన తండ్రి కూడా ఆ బావి లాంటి చోటే పడ్డాడని తెలుసు. అట్లాగని కత్తి వదలనూ లేదు. నలభై రెండు చెట్లు, తన చేతి అలవాటు తెలిసిన చెట్లు. పొద్దున, మాపున గీయకపోతే గెలలు ఎండిపోతాయి. అందుకని బల్ల ఇచ్చే రోజున, తాను వేసిన కప్పు కిందే, గడప పక్కన చెప్పుల దగ్గర కూర్చునేవాడు. గిన్నె చేతులు మారుతూ వచ్చి, తన ముందరి మనిషి దగ్గర ఆగి, వెనక్కి తిరిగిపోయేది. తొమ్మిదేళ్ళు అట్లాగే పోయాయి.

పంతొమ్మిది వందల నలభై ఆరో సంవత్సరం ఎండాకాలం మొదట్లో మరియ మంచం పట్టింది. గంజి కూడా దిగడం లేదు. ఒకనాడు అల్లుణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"అల్లుడా, నాకేం ఫికర్ లేదు. గని నువ్వు బల్ల కాడ కూసుంటే ఒక్కసారి సూడాలె. ఈ ఈస్టరు పండుగ దాటితే నేనుంటనో, ఉండనో."

పెద్దయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మంచిది అత్తా. పండుగ పొద్దున కత్తి అయ్యగారి చేతుల పెడ్త" అన్నాడు.

శనివారం సాయంత్రం ఒక్కో చెట్టూ ఎక్కి లొట్లన్నీ దించాడు. ఏ చెట్టునూ గీయలేదు. ఆఖరి చెట్టు మీద నుంచి దిగేటప్పుడు దాని బెరడుకు చెంప ఆనించాడట. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. కింద నిలబడ్డ లీదియా చూసింది.

సంఘానికి ద్రాక్షరసం చేసేది ఆ లీదియాయే. ఎండుద్రాక్ష నానబెట్టి, పిసికి, మరగబెట్టి, కళాయి వేసిన ఇత్తడి చెంబులో పోసి మూత కట్టేది. ఆ ఏడు చెంబుకు కళాయి పోయింది. కళాయి వేసే యూనుస్ శుక్రవారం ఇస్తానని తీసుకుపోయి ఇవ్వలేదు. రసం మరిగిపోయింది, పొయ్యాలంటే గిన్నె లేదు. గూట్లో ఒక లొట్టి బోర్లించి ఉంది, శుభ్రంగా కడిగింది, నెల రోజులు ఎండకు పెట్టింది. దానిలోనే పోసి గుడ్డ కట్టింది. అది కల్లు తాగిన మన్ను. ఎంత కడిగినా మన్ను మరిచిపోదని గీత ఇంటి ఆడమనిషికి తెలియక కాదు. పండుగ తొందరలో తోచలేదు.

ఆదివారం ఇంకా చీకటి విడవకముందే జనం గుడిసెకు చేరారు. రావిర్యాల నుంచి, కందుకూరు దారి నుంచి నడిచి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుని లోపల కూర్చున్నారు. మరియను మంచంతో సహా మోసుకొచ్చి ముందర దించారు. పాటలు అయ్యాయి. పెద్దయ్య గడప దగ్గర నుంచి లేచి, జనం మధ్యలో నుంచి నడిచి, గుడ్డలో చుట్టిన కత్తిని బల్ల మీద పెట్టాడు. ఎవరో ఆడమనిషి ముక్కు చీదింది. అయ్యగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, మొదటి వరసలో, మరియ మంచం పక్కన కూర్చోబెట్టారు.

తొమ్మిదేళ్ళు చెప్పుల దగ్గర కూర్చున్న మనిషికి బల్ల ఇంత దగ్గరగా ఉండటం కల లాగే ఉంది. దీపం వెలుగులో రొట్టె తెల్లగా, మెత్తగా, మంచులో చెరువు లాగా కనబడింది. అయ్యగారు లొట్టి గుడ్డ విప్పి రసాన్ని గిన్నెలోకి వంచారు.

అప్పుడు ఆ వాసన వచ్చింది.

మొదట ఎండుద్రాక్ష. దాని కింద కొంచెం పొగ. దాని కింద, సన్నగా, నిద్ర లేస్తున్నట్టు, ఇంకొకటి. పెద్దయ్యకు అది ఏమిటో తెలిసింది. ఆ లొట్టి ఏ చెట్టుదో కూడా తెలిసింది. నాలుగో చెట్టుది. గడప దగ్గర కూర్చుని ఉంటే ఆ వాసన తన దాకా వచ్చేదే కాదు.

ఆయన లీదియా వైపు చూశాడు. ఆమె కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ ప్రార్థన చేస్తున్నది. ఏమీ అనకుండా ఊరుకుంటే ఇంకొంచెంసేపట్లో గిన్నె తన చేతిలోకి వస్తుంది, అత్త చూస్తుంది, అంతా అయిపోతుంది. నోరు విప్పితే ఆలి తల దించుకోవాల్సి వస్తుంది, తన బల్ల పోతుంది. గిన్నె పైకి లేచింది.

"అయ్యగారు, జర ఆగుండ్రి. అది పులిసింది."

సంఘం పెద్ద నారయ్య గొంతు మొదట లేచింది. "కల్లు ముక్కుకు అంత కల్లు వాసనే కొడ్తది. ఇయ్యాల్నే కత్తి దించినవ్, ఇంకా దిగలేదా నీకు?"

"పులువుడేంది? నేనే మరగవెట్టిన" అంది లీదియా. అంటూనే లొట్టిని చూసింది. చెయ్యి నోటి మీదికి పోయింది.

అయ్యగారు గిన్నెను ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆయనకు ఏమీ తెలియలేదు. "నారయ్యా, నువ్వు సూడు."

"నాకెట్ల తెలుస్తదయ్యగారు? నేనెన్నడు ముట్టిన?" అన్నాడు నారయ్య. ఆయన పక్కవాడూ అదే అన్నాడు. ఆ పక్కవాడూ అంతే. పోయిన ఏటి దాకా కల్లు మండువలో కుండలు లేపినవాళ్ళు కూడా ఆ పూట పుట్టినప్పటి నుంచి మంచినీళ్ళు తప్ప ఎరగనట్టు చాప మీద పోగులు లెక్కపెడుతూ కూర్చున్నారు. తెలుసు అన్నవాడు ఎట్లా తెలుసో చెప్పాలి మరి.

చివరికి కిటికీ బయట నుంచి జంగానే పిలవాల్సి వచ్చింది. ఆయన చెప్పులు విడిచి, కొత్త పెండ్లికొడుకు లాగా సిగ్గుపడుతూ లోపలికి వచ్చి, గిన్నె అందుకుని ఒక గుక్క వేశాడు. కళ్ళు మూశాడు. నాలుకతో మీసం తుడిచాడు.

"అవ్, పులిసింది. జరంతనే. ఇంకో గుక్క పోస్తే ఖాయంగ చెప్త."

మరియ మంచం మీద నుంచి పకపకా నవ్వింది. ఆ నవ్వుకు దగ్గు వచ్చింది. ఎవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు.

నారయ్య గొంతు తగ్గించాడు. "అయ్యగారు, జరంతనే అంటుండు గద. గింత దూరం నడిసొచ్చిన్రు జనం. పెండ్లింట్ల సామి చేసింది ఎండుద్రాక్ష నీళ్ళు కాదు గద. తలా ఒక్క చుక్కకు ఏమైతది?"

అయ్యగారు గిన్నెను బల్ల మీద పెట్టారు. "నారయ్యా, ఈ గుడిసెల తాగుడు ఇడిసినోళ్ళు ఏడుగురున్నరు. ఎట్ల ఇడిసిన్రో నాకెరుక, వాండ్ల ఆలుపిల్లలకెరుక. నీకు ఒక్క చుక్కకు ఏంగాదు. వాండ్లకు ఆ చుక్కనే బాయి. నా చేత్తోని ఎట్ల అందియ్యాలె?"

ఏడుగురిలో ఒకతను తల ఎత్తలేదు. వెనకాల అతని భార్య మాత్రం అయ్యగారి వైపు చూసి నమస్కారం పెట్టింది.

"అయితే ఇగ వచ్చేసారి" అన్నారు అయ్యగారు. "మూడు నెలలకు."

"మూడు నెలలా?" అంది మరియ. అంతే అంది. కళ్ళు పై కప్పు వైపు తిప్పుకుంది.

సరిగ్గా అప్పుడే యూనుస్ గడప దగ్గర నిలబడి దగ్గాడు. చేతిలో చెంబు ఉంది, లోపల వెన్నెల పోసినట్టు తెల్లటి కళాయి. "లీదియా అక్కా, మాఫ్ జెయ్యి. కొలిమి తిత్తి చినిగింది, రెండు దినాలు కుట్టుకుంట కూసున్న. నమాజ్ కాంగనే ఉరికొచ్చిన" అన్నాడు. లోపలి మొహాలు చూసి, "ఏమైంది?" అన్నాడు.

పెద్దయ్య లేచాడు. యూనుస్ చేతిలో నుంచి చెంబు తీసుకున్నాడు. బల్ల దగ్గరికి పోయి చెయ్యి చాపాడు.

"అయ్యగారు, కత్తి ఇయ్యుండ్రి."

"ఇప్పుడే గద పెట్టినవ్!"

"పెట్టిన. జర ఇయ్యుండ్రి. ఇప్పుడు గీస్తే చెట్టు తియ్యటి నీళ్ళిస్తది. కొత్త కళాయి, కల్లెరగని చెంబు. పొద్దు గుట్ట మీదికి వచ్చేదాక అది కల్లు కాదు. నా మాట మీద నమ్మకముంటె ఇయ్యుండ్రి."

అయ్యగారు గుడ్డ మూటను చూశారు. ఆ చూపులో బావి ఉంది, తాడు ఉంది. తర్వాత మూట తీసి ఆయన చేతిలో పెట్టారు. "జల్ది రా" అన్నారు.

ఆ చెట్టు ఎక్కినంత తేలికగా పెద్దయ్య తన జన్మలో ఏ చెట్టూ ఎక్కలేదు. గుడిసెకు ఎదురుగా ఉన్న చెట్టు అది, వరసలో మొదటిది. నాలుగు గెలలు గీసి, వాటి కొసలన్నీ చెంబు మీదికి వంచి కట్టాడు. ఇక చెయ్యగలిగింది ఏమీ లేదు. చెట్టుకు తోచినప్పుడు చెట్టు ఇస్తుంది.

కింద పాట మొదలైంది. తాను వేసిన తాటాకు కప్పు సందుల్లో నుంచి పాట పొగలాగా పైకి లేచి, మంచులో కలిసి, మట్టల్లో చిక్కుకుంది. కళాయి మీద మొదటి చుక్క పడ్డప్పుడు సన్నగా గజ్జె మోగినట్టు మోగింది. తర్వాత ఇంకొకటి. ఏది పాటో ఏది చుక్కో తెలియని ఒక మగత కమ్మింది. చెరువు, ఊరు, గుడిసె, అన్నీ కదలకుండా ఊగుతున్నాయి. తండ్రి ఎక్కడో పక్క చెట్టు మీదే ఉన్నాడనిపించింది, పడకముందు ఉన్నట్టుగానే, కత్తి నూరుకుంటూ. ఆయన కింద పడటం అనేదే ఇంకా జరగలేదనిపించింది.

గుట్ట వెనకాల ఆకాశం పసుపు పూసుకునేసరికి ఉలిక్కిపడ్డాడు. చెంబు సగం నిండింది. దిగాడు.

లోపలికి వచ్చి చెంబును బల్ల మీద పెట్టేటప్పటికి గిన్నె కడిగి సిద్ధంగా ఉంది. అయ్యగారు చెంబు వంచారు. తెల్లగా, పలచగా, బియ్యం కడిగిన నీళ్ళలాగా దిగింది. గిన్నె ఎత్తి ప్రార్థన చేశారు. అందరూ వంగారు. కానీ గిన్నె ఎవరికీ అందలేదు. అయ్యగారు దాన్ని పెద్దయ్య వైపు చాపారు.

"నువ్వే ముందు సూడు."

పెద్దయ్య వంగి వాసన చూశాడు. "తియ్యటిదే అయ్యగారు. ఖాయం."

"ముక్కుతోని కాదు. నోటితోని."

ఆయన వెనక్కి తగ్గాడు. "మా అవ్వకు ఒట్టు వెట్టిన అయ్యగారు. ముప్పై ఏండ్లాయె. కల్లు ఒక్క చుక్క ముట్టనన్న."

గిన్నె నడుమ ఆగింది. అప్పుడు మరియ మోచేతి మీద లేచింది. ఇక లేవదనుకున్న మనిషి లేచింది.

"మీ అవ్వ వద్దన్నది కల్లు. ఇది కల్లు కాదని ఇప్పుడు చెప్పింది ఎవరు? నువ్వు తాగకపోతె మేమెట్ల తాగుతం అల్లుడా? నీ మాట నీకే నమ్మకం లేదా?"

పెద్దయ్య రెండు చేతులా గిన్నె అందుకున్నాడు. కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగాడు. నలభై రెండు చెట్లు, లెక్కలేనన్ని వేకువలు, ఆ గుక్క వెంట లోపలికి దిగాయి.

"ఎట్లున్నది?" అంది మరియ.

"తియ్యగున్నది అత్తా" అన్నాడు. తనకే చెప్పుకుంటున్నట్టు మళ్ళీ అన్నాడు, "గింత తియ్యగుంటదా ఇది?"

గిన్నె మరియ దగ్గరికి పోయింది, అక్కడి నుంచి లీదియా దగ్గరికి, తాగుడు విడిచిన ఏడుగురి దగ్గరికి, నారయ్య దగ్గరికి. గడప దగ్గరికి పోయి తిరిగి వచ్చేసరికి గుట్ట మీద పొద్దు పొడిచింది. చెంబులో మిగిలిన నాలుగు చుక్కలను అయ్యగారు నేలలో వంపేశారు. బయట నిలబడ్డ జంగా అది చూసి, "అరె, పొద్దు గూకె దాక ఉంచితే మనకు పనికొచ్చేది గద!" అని బాధపడ్డాడు.

కత్తి పెద్దయ్య మొలలోనే ఉంది. అది ఆయనకు గుర్తొచ్చి బల్ల మీద పెట్టబోతే, అయ్యగారు గిన్నె తుడుచుకుంటూ తల తిప్పకుండానే అన్నారు, "కత్తి సంగతి పై పండుగకు మాట్లాడుదం తీయ్."

పై పండుగకు మరియ లేదు. కత్తి అవసరం మాత్రం మళ్ళీ పడింది. ఇంకా మంచు విడవని వేళ, సంఘమంతా గుడిసె బయట నిలబడి తలలెత్తి చూస్తుండగా, పెద్దయ్య కొత్త కళాయి చెంబు మొలకు కట్టుకుని మొదటి చెట్టు ఎక్కాడు. కింద నుంచి నారయ్యే అరిచాడు, "పైలం అన్నా! పొద్దు పొడవక ముందే దిగు!"